బోరులో నల్లమట్టి, కట్టె ముక్కలు పడ్డాయి, పొయ్యిలో పెడితే మండుతున్నాయి. ఇది లిగ్నైటేనా?

మిర్చియార్డ్_పక్కన | శనివారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. నేనుండేది గుంటూరులో, విషయం మాత్రం మా అత్తగారి ఊరిది, రేపల్లె దాటి నిజాంపట్నం వైపు. పోయిన వారం పొలంలో చేతి బోరు వేయిస్తుంటే 85 అడుగుల దగ్గర్నుంచి నల్లటి బంకమట్టి మొదలైంది, 90 దగ్గరకొచ్చేసరికి దాంట్లో కట్టె ముక్కలు వచ్చాయి. సరిగ్గా నలుపు కూడా కాదు, ముదురు కాఫీ పొడి రంగు. గోటితో గీస్తే గీత పడుతోంది, నారలు నారలుగా విడిపోతోంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మా బావమరిది రెండు ముక్కలు ఎండబెట్టి పొయ్యిలో పెట్టాడు. మండాయి! పొగ మాత్రం ఇల్లంతా. ఆ రోజు నుంచి ఊళ్ళో "రాక్షసి బొగ్గు పడింది" అని ఒకటే గోల. నిన్న ఎవరో ఒకాయన కారేసుకుని వచ్చి ఎకరం ఎంత చెప్తారని అడిగి వెళ్ళాడట. నెట్‌లో వెతికితే లిగ్నైట్ అని వస్తోంది, అంటే పూర్తిగా ముదరని గోధుమ రంగు బొగ్గట, తమిళనాడు నైవేలిలో కూడా మొదట బోరు బావిలోనే పడిందంట. మాది కూడా అదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. బావమరిదికి రాత్రిళ్ళు నిద్ర లేదు.

కృష్ణలంక_కుర్రోడు
కంగ్రాట్స్ బాబాయ్. గని ప్రారంభోత్సవానికి విజయవాడ నుంచి ఒక బస్సు మాట్లాడండి, అందరం వస్తాం.

బాయిలర్_తాత
నవ్వులాట తర్వాత, ముందు ఒక మాట వినండి. ఆ బోరు గొట్టం మూతి దగ్గర ఎవరూ బీడీ గానీ అగ్గిపుల్ల గానీ వెలిగించొద్దు. మట్టి కింద ఆకూ అలమూ కుళ్ళినచోట మీథేన్ ఉంటుంది, డెల్టా బోర్లలో నీళ్ళతో పాటు బుడగలు బుడగలుగా పైకొస్తుంది. ఊళ్ళో కుర్రాళ్ళు అంటించి వీడియో తీద్దాం అంటారు, ఒప్పుకోవద్దు.

ఇక నైవేలి సంగతి. మీరు విన్నది నిజమే. 1930ల్లో జంబులింగ ముదలియార్ అనే ఆయన పొలంలో బావి తవ్వుతుంటే నీళ్ళతో పాటు నల్లటి పొడి వచ్చింది, ఆయన ఊరుకోకుండా అధికారుల దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగి చూడండి కానీ. కంపెనీ పెట్టింది 1956లో, లిగ్నైట్ పొర బయటపడింది 1961లో. మధ్యలో ఎన్ని బోర్లు, ఎన్ని లెక్కలు! బోరులో నల్లపొడి పడగానే గని అయిపోలేదు. అక్కడ పొర చాలా చోట్ల 10 మీటర్ల మందం పైనే ఉంటుంది, మైళ్ళ కొద్దీ తెగకుండా సాగుతుంది. మీది ఎన్ని అడుగులుంది? దాని కింద ఏం వచ్చింది? మొదట అది చెప్పండి.

మిర్చియార్డ్_పక్కన
తాతగారూ, బోరు మేస్త్రిని అడిగాను. నల్లమట్టి 7 అడుగులు ఉందట, కట్టెలు దొరికింది మాత్రం ఆ మధ్యలో 2 అడుగులే. దాని కింద మళ్ళీ బూడిద రంగు మట్టి, ఆ తర్వాత ఇసుక. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. చిన్న చిన్న గవ్వల పెంకులు కూడా వచ్చాయి.

పుప్పొడి
గవ్వల పెంకులా! ఆ మాట ముందే చెప్పాల్సింది అండి. నేను విజయవాడలో బోటనీ చెప్తాను, పీహెచ్‌డీ చేసింది పాత పుప్పొడి రేణువుల మీదే, అందుకే ఈ పేరు. మీ వర్ణన చదువుతుంటే నాకు కనిపిస్తున్నది బొగ్గు గని కాదు, మడ అడవి. ఇవాళ నిజాంపట్నం అవతల క్రీకుల్లో మోకాళ్ళలోతు బురదలో నిలబడి ఉండే మడ చెట్లు ఉన్నాయి కదా, అలాంటిదే ఒకటి మీ పొలం కింద పూడుకుపోయి ఉండాలి.

సుమారు 20 వేల ఏళ్ళ క్రితం మంచుయుగం మంచి ఊపులో ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ధ్రువాల మంచు కరిగేకొద్దీ నీళ్ళు పైకెక్కుతూ వచ్చి, 6, 7 వేల ఏళ్ళ క్రితానికి దాదాపు ఇప్పటి మట్టానికి చేరాయి. ఇవాళ మనం చూసే కృష్ణా డెల్టా చాలావరకు ఆ తర్వాత నది తెచ్చి పోసిన మట్టే. నీళ్ళు ఎక్కుతున్న ఆ రోజుల్లో ఒడ్డున ఉన్న మడ చెట్లు మునిగి, వాటి మీద బురద కమ్మేసి ఉంటుంది. ఆ కోడిగుడ్డు వాసన కూడా దానికి తగ్గట్టే ఉంది. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు ఉంటుంది, గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది.

కాబట్టి వయసు వేలల్లో ఉంటుందని నా అంచనా, కోట్లలో కాదు. కచ్చితంగా తేలాలంటే ఒక్క ముక్కకి రేడియోకార్బన్ పరీక్ష చేయిస్తే చాలు. లిగ్నైట్‌కి ఆ పరీక్ష పనికిరాదు, సుమారు 50 వేల ఏళ్ళు దాటితే కార్బన్ 14 లెక్కపెట్టడానికి మిగలదు.

కృష్ణలంక_కుర్రోడు
బాబాయ్ బస్సు క్యాన్సిల్.

బాయిలర్_తాత
మేడం చెప్పింది నాకూ సబబుగానే ఉంది. అయినా బావమరిదికి మాటలు చాలవు, చేత్తో చూసుకోవాలి. ఇంట్లో వంటగది కాటా ఉంటే ఈ పని చేయండి. కట్టె ముక్కలు వేరు, నల్లమట్టి వేరు చేసి చెరో అరకిలో పచ్చిగానే తూచండి. మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్ళీ తూచండి. తర్వాత ఆ ఎండిన మట్టిని ఒక పాత ఇనప మూకుడులో వేసి, బయట వాకిట్లో, కట్టెల మంట మీద ఎర్రగా కాలేదాకా ఉంచి మిగిలిందేదో తూచండి. మిగిలేది బూడిద. ఈ మూడు లెక్కలు చెప్తే అది ఇంధనమో కాదో నేను చెప్తాను.

ఎందుకంటే మా బాయిలర్ వాళ్ళకి రంగూ వయసూ అక్కర్లేదు. నీళ్ళెంత, బూడిదెంత, గంధకమెంత, వేడెంత, అంతే. మన ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటుకొచ్చే సింగరేణి, తాల్చేరు బొగ్గులో నీళ్ళు తక్కువ, బూడిద మాత్రం మూడో వంతు పైమాటే. నైవేలి లిగ్నైట్ దానికి సరిగ్గా తిరగబడ్డ సరుకు. బూడిద 5 శాతం అటూ ఇటూ, నీళ్ళు మాత్రం సగం! కిలో లిగ్నైట్ కొన్నామంటే అరలీటరు నీళ్ళు కొన్నట్టే. ఆ అరలీటరుని ఆవిరి చేయడానికే 300 కిలోకేలరీల దాకా ఖర్చు, దాని మొత్తం వేడి చూస్తే 2,500, 2,700 మధ్య. అంటే తన తడి తనే ఆర్చుకోవడానికి పదో వంతు పైన పోతుంది. మా పాత రోజుల్లో ఒకాయన అనేవాడు, తడిసిన కట్టెతో కాపురం చేసినట్టే ఉంటుంది లిగ్నైట్‌తో అని. బాయిలర్ పెద్దది కావాలి, పొగ ఎక్కువ, యూనిట్ కరెంటుకి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా మామూలు బొగ్గు కంటే ఎక్కువే. దూరం మోయడమూ దండగే, సగం నీళ్ళని రైల్లో ఎవరు మోస్తారు? అందుకే గని పక్కనే ప్లాంటు పెడతారు. ఎండబెట్టి నిల్వ చేద్దామా అంటే పొడి పొడిగా రాలిపోయి దానంతటదే అంటుకుంటుంది.

బెంజ్‌సర్కిల్_శంక
తాతగారి లెక్కలు అర్థమయ్యాయి, తూచి చూసుకోవచ్చు. నాకు మేడం చెప్పేవాటి మీదే డౌటు. ఏమీ అనుకోవద్దు. ఎప్పుడో 5 కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో పుప్పొడి చూసి అప్పుడు ఏ చెట్లున్నాయో, వాన ఎంత పడిందో, ఎండ ఎంత కాసిందో చెప్పేస్తున్నారు. ఇవాళ సాయంత్రం విజయవాడలో వాన పడుతుందో లేదో చెప్పలేకపోతున్నాం కదండీ. పుప్పొడి అంటే ముట్టుకుంటే రాలిపోయేది, అది అన్ని కోట్ల ఏళ్ళు ఎలా ఉంటుంది?

పుప్పొడి
మంచి ప్రశ్నే, ఏమీ అనుకోను. కాకపోతే జవాబు పొడుగు, ఓపిక పట్టండి.

పుప్పొడి రేణువు లోపలిదంతా పోతుంది. మిగిలేది పై పెంకు. అది స్పోరోపొలెనిన్ అనే పదార్థం, మొక్కలు తయారుచేసే వాటిలో ఇంత మొండిది ఇంకోటి ఉండదేమో. ల్యాబులో మేం ఏం చేస్తామో వింటే నమ్ముతారు. ముక్కని పొడి చేసి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తాం, సున్నపు భాగం కరిగిపోతుంది. తర్వాత హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, అది గాజునే తినేస్తుంది, దాంతో మట్టీ ఇసుకా పోతాయి. లిగ్నైట్ అయితే నైట్రిక్ యాసిడ్, కాస్టిక్ పొటాష్ కూడా కావాలి, ఆ గోధుమ రంగు జిగటంతా వదలడానికి. ఇన్ని యాసిడ్లలో మునిగి లేచాక కూడా ఈ పెంకు చెక్కుచెదరకుండా మైక్రోస్కోపు కింద కూర్చుంటుంది, ముళ్ళూ గాట్లూ రంధ్రాలతో సహా. తాటి జాతిది ఒక రకం, ఫెర్న్ సిద్ధబీజం ఒక రకం, గడ్డిది ఒక రకం. ఒక స్లైడులో 200, 300 లెక్కపెడతాం. కళ్ళు పోతాయి గానీ అదో సరదా.

గుజరాత్ లిగ్నైట్‌లనే తీసుకోండి. సూరత్ దగ్గర వస్తాన్, కచ్‌లో పానంధ్రో. వయసు దాదాపు 5 కోట్ల ఏళ్ళు, అటూ ఇటూ. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి ఉంది కదా, అది 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా. ఆ లావా చల్లారి కోటి ఏళ్ళు దాటాక ఈ లిగ్నైట్ పుట్టిందన్నమాట. అప్పటికి మన దేశం ఇంకా ఆసియాకి పూర్తిగా అతుక్కోలేదు, గుజరాత్ భూమధ్యరేఖకి బాగా దగ్గర్లో ఉంది. ఆ పొరల్లో ముళ్ళున్న ఒక పుప్పొడి దండిగా దొరుకుతుంది. అది నైపా అనే నీటి తాటి జాతిది. ఇవాళ నైపా సుందర్‌బన్స్‌లో, అండమాన్‌లో ఉప్పునీటి బురదలో పెరుగుతుంది. కచ్‌లో ఇవాళ ఏముంది? ఉప్పు ఎడారి. అక్కడ అప్పుడు నైపా ఉందంటే ఏడాది పొడుగునా వేడి, విపరీతమైన వాన, పక్కనే సముద్రం ఉండేవని చెప్పడానికి పెద్ద జ్యోతిష్యం అక్కర్లేదు కదండీ.

బెంజ్‌సర్కిల్_శంక
సరే. కానీ పుప్పొడి గాలికి ఎక్కడినుంచో కొట్టుకొచ్చి పడొచ్చు కదా. మా ఇంట్లో తుమ్ములకి కారణం ఎక్కడో ఉన్న చెట్టని డాక్టరే చెప్పాడు.

పుప్పొడి
వస్తుంది. అందుకే పుప్పొడి ఒక్కదాన్నే నమ్మం. వస్తాన్ గనిలో అంబర్ దొరికింది, అంటే గట్టిపడిన చెట్టు జిగురు. దాని రసాయనం పరీక్షిస్తే డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లదని తేలింది. ఈ కుటుంబం మనకి కొత్తేం కాదు, మనం పొగ వేసే గుగ్గిలం సాల చెట్టు జిగురు, ఆ సాల ఈ కుటుంబానిదే. శేషాచలం కొండల్లో పెరిగే జాలారి కూడా. అంటే అది 5 కోట్ల ఏళ్ళ నాటి గుగ్గిలం లాంటిదే! జిగురు ముద్దలు గాలికి ఎగిరి రావు. ఆ అంబర్‌లో ఇరుక్కున్న పురుగులు 700కి పైగా, 55 కుటుంబాలవి, 2010లో ప్రకటించారు. చీమలు, తేనెటీగలు, చెదలు. డిప్టెరోకార్ప్ అడవి అంటే ఇవాళ ఆగ్నేయాసియాలో చూసే ఆకాశమెత్తు వానాడవి.

పానంధ్రోలో అయితే పాము. 27 వెన్నుపూసలు దొరికాయి, ఐఐటీ రూర్కీ వాళ్ళు 2024లో వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు, పొడవు 11 నుంచి 15 మీటర్లని అంచనా. పాము ఒంటికి సొంత వేడి ఉండదు కాబట్టి అంత పెద్దది బతకాలంటే ఊరూ వేడిగా ఉండాలి, అలా లెక్కేసి సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉంటుందన్నారు. ఇది పుప్పొడితో సంబంధం లేని వేరే దారి. మూడు దారుల్లో నడిచి ఒకే ఊరు చేరితే ఆ ఊరు ఉన్నట్టే.

ఇంకా ఉన్నాయి. లిగ్నైట్‌ని నునుపుగా సాన పట్టి మైక్రోస్కోపు కింద చూస్తే అగ్గిలో కాలిన కట్టెబొగ్గు తునకలు మెరుస్తూ కనిపిస్తాయి, ఎక్కువుంటే ఆ అడవి అప్పుడప్పుడూ ఎండి తగలబడేదని. తక్కువుంటే తడి ఆరని అడవి. ఆకుల మీద మైనం ఉంటుంది చూశారా, తామరాకు మీద నీటిబొట్టు నిలబడేది దాని వల్లే, ఆ మైనపు అణువులు కూడా మిగులుతాయి. 27, 29, 31 కార్బన్ల గొలుసులు ఎక్కువుంటే నేల మీద మొక్కల ఆకులు పడ్డాయని, పొట్టి గొలుసులు ఎక్కువుంటే నీటి నాచు ఉందని. ఆ కాలంలో భూమి ఒక్కసారిగా వేడెక్కిన ఘట్టాలున్నాయి, పెద్దది 5.6 కోట్ల ఏళ్ళ క్రితం, 5 నుంచి 8 డిగ్రీలు పెరిగింది. అప్పుడు గాలిలోకి తేలిక కార్బన్ బోలెడు వచ్చి చేరింది, అది పీల్చుకున్న మొక్కల్లోనూ దాని గుర్తు ఉంటుంది. ఆ కాలపు లిగ్నైట్ పొరల్లో కార్బన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు, కొలుచుకుంటూ పోతే ఆ గుర్తు ఒక పల్లంలా కనిపిస్తుంది.

తప్పులు జరగవా అంటే జరుగుతాయి. ఇవాళ్టి చుట్టం తడి నేలలో ఉంది కాబట్టి అప్పటి తాతా తడి నేలలోనే ఉన్నాడనుకోవడం ఒక ఊహ. ఒక్క జాతిని పట్టుకుని అలా అంటే నేనూ నమ్మను.

బెంజ్‌సర్కిల్_శంక
గుగ్గిలం దగ్గర పడిపోయాను మేడం. మా అమ్మ శుక్రవారం వేసేది.

అమరావతి_రోడ్డు
అక్కా, నేను డిగ్రీ జియాలజీ. సింగరేణి బొగ్గులో కూడా ఇవన్నీ చూడొచ్చా? అది ఇంకా పాతది కదా, ఇంకా ఎక్కువ కథ ఉండాలి.

పుప్పొడి
చూడొచ్చు తమ్ముడూ, కానీ అది వేరే లోకం. 25 కోట్ల ఏళ్ళకి పైబడిన పెర్మియన్ కాలపు అడవి, నాలుక ఆకారంలో ఆకులుండే గ్లాసాప్టెరిస్ చెట్లు. పూలు పూసే మొక్క ఒక్కటి కూడా ఇంకా పుట్టలేదు. అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గర, చలి దేశం. ఆ కట్టెల్లో ఏటేటి వలయాలు స్పష్టంగా ఉంటాయి, అంటే ఎండాకాలం చలికాలం గట్టిగా తేడా. మన చింతలపూడి వైపు లోతుల్లో ఉన్నదీ ఆ జాతి బొగ్గే.

పాతదైతే ఎక్కువ కథ ఉండాలన్నావే, అక్కడ పొరబడ్డావు. అన్నం పలుకు మీద ఉన్నప్పుడు మెతుకు మెతుకూ తెలుస్తుంది, అది ఏ బియ్యమో చెప్పగలం. సంకటి అయ్యాక ఎవరు చెప్తారు? కుళ్ళిన ఆకు ముందు పీట్ అవుతుంది, పైన బరువు పడి, లోపలి వేడికి లిగ్నైట్, తర్వాత నల్ల బొగ్గు, చివరికి ఆంత్రసైట్ అనే అన్నిటికంటే ముదిరిన బొగ్గు. ఉడికేకొద్దీ పుప్పొడి పెంకు పసుపు నుంచి గోధుమకి, నలుపుకి మారి చివరికి గుర్తుపట్టలేం, మైనపు అణువులూ విరిగిపోతాయి. లిగ్నైట్ సగంలో ఆగిన వంట. నీళ్ళు పోలేదు, కట్టె నారలు పోలేదు. తాతగారు తిడుతున్న గుణాలన్నీ మాకు వరాలు.

బాయిలర్_తాత
ఆ మాట బాగా చెప్పావమ్మా, తిట్టినందుకు ఫలితం దక్కింది. ఒక్కటి కలుపుతా. గంధకం కూడా అంతే. నైవేలి లిగ్నైట్‌లో గంధకం తక్కువ, గుజరాత్, రాజస్థాన్‌లవి కొన్నింట్లో చాలా ఎక్కువ. మాకు అది చిమ్నీ నుంచి వచ్చే ఘాటు, గొట్టాలు తినేసే తుప్పు. అందుకే ఆ సరుకుకి సున్నపురాయి పొడి కలిపి కాల్చే బాయిలర్లు పెడతారు, గంధకం జిప్సం లాగా బూడిదలో దిగిపోతుంది. ఎందుకు ఎక్కువుందో మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పిన బురద బ్యాక్టీరియా సంగతి చదివాక వెలిగింది, సముద్రం పక్కన పెరిగిన అడవన్నమాట.

పుప్పొడి
అదే తాతగారూ! మైక్రోస్కోపులో ఆ గంధకం మేడిపండు గింజల గుత్తిలా, ఇనుముతో కలిసి బంగారు రంగు పైరైట్ బంతులుగా కనిపిస్తుంది. మీ చిమ్నీ ఘాటూ మా సముద్రమూ ఒకటే.

ఎరువులకొట్టు_కొత్తపేట
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, నా సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్నలూ, గుంటూరు జిల్లాలో లిగ్నైట్ లేదనుకుంటున్నారేమో, నా కొట్టు నిండా ఉంది. మిర్చి రైతులు డ్రిప్‌లో వదిలే హ్యూమిక్ యాసిడ్ ఏంటనుకున్నారు? నల్లగా మెరిసే రేకులు, నీళ్ళలో వేస్తే డికాషన్. చాలావరకు లియోనార్డైట్ నుంచి తీసిందే, అంటే గాలి తగిలి ఆక్సీకరణ చెందిన లిగ్నైట్. కాస్టిక్ పొటాష్ ద్రావణంలో నానబెడితే హ్యూమిక్ భాగం కరిగి వస్తుంది, అదే ఆరబెట్టి పొటాషియం హ్యూమేట్ అని అమ్ముతారు. అమెరికాలో నార్త్ డకోటా జియాలజిస్టు లియోనార్డ్ పేరు మీద ఆ పేరు. నేల గుల్లబారడానికి, పోషకాలు పట్టి ఉంచడానికి కొంత పనిచేస్తుంది. ఎరువు మాత్రం కాదు, ఎరువు మానేసి ఇదొక్కటే వేస్తామంటే నేనే వద్దంటా.

మిర్చియార్డ్ అన్నా, మీ ముక్క ఒకటి కొట్టుకి తీసుకురండి. ఇంట్లో మీరు ఆ కాస్టిక్‌తో పెట్టుకోవద్దు, కళ్ళు పోతాయి. నా దగ్గర చేద్దాం. గోధుమ రంగు దిగితే పీటో లిగ్నైటో, ముదిరిన నల్ల బొగ్గయితే నీళ్ళు తెల్లగానే ఉంటాయి.

బెంజ్‌సర్కిల్_శంక
అంటే 5 కోట్ల ఏళ్ళ అడవిని మిర్చికి పోస్తున్నామా. మండించడం కంటే నయమేలే.

కృష్ణలంక_కుర్రోడు
నేను మాత్రం మండించేవాళ్ళ పార్టీ. ఎండాకాలం మధ్యాహ్నం విజయవాడలో ఏసీ ఆపి మాట్లాడండి ఎవరైనా. దేశంలో లిగ్నైట్ ఎంతుందో అది కూడా చెప్పండి.

బాయిలర్_తాత
సుమారు 4,600 కోట్ల టన్నులు అంటారు, దాంట్లో ఐదింట నాలుగు వంతులు తమిళనాడులోనే. అంకె చూసి నోరు తెరవకు. చాలా భాగం తీయలేనంత లోతులో ఉంది. నైవేలిలోనే ఒక టన్ను తీయాలంటే పైనున్న మట్టి ఐదారు రెట్లు తవ్వి పోయాలి, పైగా పొర కింద ఒత్తిడితో నీళ్ళున్నాయి, రాత్రింబవళ్ళు తోడకపోతే గని అడుగు పొంగిపోతుంది. ఆ తోడే నీళ్ళు చుట్టుపక్కల రైతులవి కూడా కదా. నా ఉద్దేశంలో కొత్త లిగ్నైట్ ప్లాంటు ఇప్పుడు పెట్టడం తెలివితక్కువ పని. ఉన్నవి నడిచినన్నాళ్ళు నడుస్తాయి. జీవితమంతా బాయిలర్ తిండి తిన్నవాణ్ణి, అయినా ఇదే అంటాను.

పుప్పొడి
నేను ఇంకాస్త ఇరకాటంలో ఉన్నాను తాతగారూ. కాల్చొద్దనే అంటాను. కానీ ఆ గనులే లేకపోతే వాసుకి లేదు, ఆ అంబర్ లేదు. 100 మీటర్ల లోతుకి మా యూనివర్సిటీ బడ్జెట్‌తో ఎవరు తవ్వుతారు? యంత్రం గోడ కోసిన మర్నాడు మేం వెళ్ళి సుత్తితో గీక్కుని తెచ్చుకుంటాం, వారం ఆగితే ఆ గోడ ఉండదు. నేను చూసిన ఒక గనిలో నాకు నచ్చిన ఆకుల పొర తిరిగి వెళ్ళేసరికి లారీ ఎక్కిపోయింది.

మిర్చియార్డ్_పక్కన | బుధవారం సాయంత్రం 6:15
లెక్కలు వచ్చాయి తాతగారూ. కట్టె ముక్కలు పచ్చివి 500 గ్రాములు, ఎండాక 140. నల్లమట్టి 500 గ్రాములు, ఎండాక 310. ఆ 310 మూకుడులో కాలిస్తే 262 మిగిలింది, ఎర్రగా ఇటుకపొడిలా. కొత్తపేట కొట్టులో పొటాష్‌లో వేశాం, పది నిమిషాల్లో కట్టె ముక్క నుంచి టీ డికాషన్ రంగు దిగింది, మట్టి నుంచి కూడా కొంచెం.

బాయిలర్_తాత
310కి 262 అంటే వందకి 84 బూడిద. అది బొగ్గు కాదు నాయనా, ఇటుక. ఇటుక బట్టీ వాడు కూడా ఇంధనం కింద తీసుకోడు, మట్టి కింద అయితే తీసుకుంటాడేమో. కట్టెలో ముప్పావు వంతు నీళ్ళే, నిజం లిగ్నైట్ అయితే సగం దగ్గర ఆగేది. 2 అడుగుల మందంలో అక్కడక్కడా కట్టె, 85 అడుగుల లోతు, పైగా ఉప్పునీళ్ళు. కథ అయిపోయింది. ఇంకో మాట, రేపు నిజంగా పడ్డా బొగ్గూ లిగ్నైటూ మన ఇష్టానికి తవ్వుకునేవి కావు, 1957 నాటి గనుల చట్టం ఉంది, లీజు లేకుండా ముట్టుకోకూడదు. ఆ కారు ఆయన బొగ్గు పేరు చెప్పి అడ్వాన్సు, అగ్రిమెంటు అంటే సంతకాలు పెట్టొద్దు.

మిర్చియార్డ్_పక్కన
బావమరిదికి చదివి వినిపించాను. ఒక పూట అన్నం తినలేదు, ఇప్పుడు తేరుకున్నాడు. కారు ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే "అది మడ అడవంట, కొంటారా" అన్నాడట, పెట్టేశాడు. ఆ బోరు మూసేసి ఇంకో చోట 40 అడుగుల్లోనే ఆపాం, నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మేడం, ఆ ముక్కలు మీకు పనికొస్తాయా?

పుప్పొడి
పనికొస్తాయా ఏంటండీ, నేనే అడగాలనుకుంటున్నా! కానీ ఎండబెట్టినవి వద్దు. పచ్చివి, మట్టితో ఉన్నవే, పెద్ద ముద్ద ఏదైనా ఉంటే మరీ మంచిది. కడగొద్దు. పైన బోరు నీళ్ళతో ఇవాళ్టి వరి పుప్పొడి, తుమ్మ పుప్పొడి అంటుకుని ఉంటుంది, నేను పైపొర చెక్కేసి లోపలిది తీసుకుంటాను. ఎన్ని అడుగుల దగ్గర వచ్చిందో కాగితం మీద పెన్సిల్‌తో రాసి, కవరు లోపల కాదు, పైన అంటించండి, లోపల తడికి నానిపోతుంది. గవ్వల పెంకులు విడిగా. పాలిథీన్ కవర్లు రెండు వేసి గట్టిగా కట్టండి, తడి ఆరకూడదు. మడ చెట్టు పుప్పొడి కనిపిస్తే ఇక్కడే ఫొటో పెడతాను.

మిర్చియార్డ్_పక్కన
ఇప్పుడే ఫోన్ చేశాను మేడం. పెద్ద ముద్ద ఉంది, బావమరిది తడి గోనె చుట్టి గాదె కింద దాచాడట, గని వస్తుందని. కట్టె ముక్కలు మాత్రం నాలుగే మిగిలాయి, మిగతావి మా అత్తగారు నీళ్ళ పొయ్యిలో పెట్టేశారు. శుక్రవారం రేపల్లె బస్టాండులో కార్గోకి వేయిస్తాను, రసీదు నంబరు మీకు మెసేజ్‌లో పెడతా.